మూడో ఏటి మొగ్గలు

తోటమనిషి పాదుల అంచున తాడు బిగించి, దాన్ని దాటిన ప్రతి ఆకునూ కత్తెరతో తెగ్గొడుతోంది. పంతొమ్మిదేళ్లుగా ఆమెకు ఇలాగే తెల్లవారుతోంది. కుచ్చిళ్లు ఎగదోపి, గొంతుక్కూర్చుని, కప్పలా ముందుకు జరుగుతుంది. ఈ ఇంటి అమ్మగారికి తోటంటే బడిపిల్లల వరస. ఒక్క తల ముందుకొచ్చినా ఒప్పదు.

గోడ మూలన మాత్రం వరస తప్పిన మొక్క ఒకటుంది. తన పుట్టింటి వెనకున్న గుట్టను యంత్రాలు తవ్వేయబోతుంటే, ఆమె గింజలు ఏరి కొంగున కట్టుకొచ్చి నాటిన నీలిపూల అడవి మొక్క. గుట్ట ఇప్పుడు లేదు, పుట్టిల్లూ లేదు. చచ్చేలోగా ఆ పువ్వును ఇంకొక్కసారి చూడాలని ఆమె ఆశ. ఎండలకు మాయమై చినుకులకు మొలిచే ఆ మొక్క పూతకు రావాలంటే మూడేళ్లు పడుతుంది మరి.

"ఏడాదికోసారి మొహం చూపించి పోవడానికి అదేమన్నా నీ మొగుడా అక్కా?" అని వంటామె నవ్వేది.

"వాడు తిని పోయేవాడే. ఇది పూస్తుందే."

ఇవాళ ఏడు మొగ్గలు. ఒకదాని కొసన నీలం తేలింది. రేపటికి విచ్చుకుంటుంది.

టీ కప్పుతో అమ్మగారు వచ్చింది. "బావుందే! రేపు చుట్టాలొస్తున్నారు. తీసి కుండీలో పెట్టు, వరండాలో ఉంచుదాం."

"వద్దమ్మా. దీని వేరు నిలువునా మూరెడు దిగుంటుంది. కదిపితే బతకదు. వాళ్లనే ఇక్కడికి తీసుకొచ్చి చూపించండి."

"ఈ బురదలోకా? అంత ముద్దయితే మీ ఇంట్లో పెంచుకో."

ఆమె ఉండేది మేడ మీద ఒంటి గది. అక్కడ మన్నంటూ ఉంటే ఆమె కాళ్లకంటుకుని వెళ్లిందే.

తవ్వింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమినా వేరు కొస దొరకలేదు. "ఇంకెంతసేపు?" అంది అమ్మగారు. లాగితే లోపలెక్కడో పుటుక్కుమంది.

మధ్యాహ్నానికి కుండీలో మొగ్గలన్నీ తలలు వేలాడేశాయి.

"ఇన్నేళ్ల పనిమంతురాలివి, నీ హస్తవాసి ఇంతేనా!" అంది అమ్మగారు. "పోనీలే, గులాబీ తెప్పిస్తాను."

తోటమనిషి గుంత పూడ్చి, చదును చేసి, కాళ్లు కడుక్కుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. వంటామె ఫోను చేస్తే, "వొంగింది చాల్లేవే" అని పెట్టేసింది.

మట్టితట్ట కింద తోటమనిషి తల మీద పెట్టుకునే పాతచీర చుట్టకుదురు వెనకవైపు కొళాయి మీదే ఉండిపోయింది, నడుమ ఆమె తలంత పల్లంతో, ఆ పల్లంలో చిక్కుకున్న ఒక నెరిసిన వెంట్రుకతో.