మూడో అంతస్తు లేని సంఘం

హాలు తాళంచెవి యజమానికి తిరిగి ఇచ్చేసిన రోజునే సంఘం పేరు కూడా పోయింది. ఆ సంగతి తెలియడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. ఇరవై ఆరేళ్లు ఒక పాత భవనం పై గదిలో కూడుకున్నారు కాబట్టి అది మూడో అంతస్తు ప్రార్థన సంఘం. భవనం చేతులు మారాక ప్రార్థన ఫోన్లలోకి వచ్చింది, పేరు మెట్ల మీదే ఉండిపోయింది. ఆర్నెల్ల కిందట ఒక కొత్తాయన ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాడు. మూడంతస్తులూ ఎక్కి, బల్లల మీద తలలు వంచుకుని కూర్చున్నవాళ్లను చూసి, ప్రార్థన మొదలైందనుకుని తనూ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తన వంతు వచ్చాక గానీ అది పళ్ల డాక్టరు గది అని తెలియలేదు.

"వాక్యం దొరకలేదు గానీ పన్నుపోటు పోయిందండీ," అని ఆయనే ఫోన్లో నవ్వుతూ చెప్పాడు.

పాస్టరు అయ్యగారు నవ్వలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం సంఘానికి కొత్త పేరు పెట్టుకుందామన్నారు.

ఆ ఆదివారం ఉదయం ఆరున్నరకు తలుపన్న ఎప్పటిలాగే లాండ్రీ దుకాణం వెనకగది తెరిచి ఆవిరి ఇస్త్రీపెట్టె స్విచ్చి వేశాడు. అక్కడ ఉతికిన బట్టలకు ఇస్త్రీ చేయడం అతని పని. ముందు కాలరు, తర్వాత చేతుల పట్టీలు, ఆ తర్వాత వీపు. ముప్పై ఏళ్లుగా ఆ వరస మారలేదు. ఎడమ ముంజేతి మీద పాత కాలిన మచ్చలు స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంటాయి. మనుషుల ముఖాలు మర్చిపోతాడు గానీ ఏ చొక్కా ఎక్కడ చిరిగి అతుకు పడిందో చెప్పగలడు.

హాలు ఉన్న రోజుల్లో తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు పాటల పుస్తకం ఇచ్చేవాడు, కుర్చీ చూపించేవాడు. అందుకే తలుపన్న. ఇప్పుడూ అదే పని. ఫోన్ తెరమీద బయట వేచి ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి తీసుకోవాలి. కుక్క మొరిగినా, కుక్కరు కూసినా ఆ ఇంటి మైకు మూసెయ్యాలి. మూయడం అతని చేతిలో పని. మూసినదాన్ని తెరవడం మాత్రం అవతలివాళ్లే చెయ్యాలి. తెరవమని అడిగే మీట ఒకటి అతని దగ్గర ఉంది, అంతే. ఇన్నేళ్లలో సంఘంలో అతను ఒక విషయం మీద ఇదీ నా అభిప్రాయం అన్నది లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఒంటిగంటకు దుకాణం కట్టేసి అక్క గదికి వెళ్లాడు. రెండు వీధుల అవతల, కింద వాటా, ఒకే కిటికీ. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు, అక్కకు పంతొమ్మిది. దర్జీ దుకాణాలకు కాజాలు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. చూపుడువేలి చివర సూది గుచ్చుకుని గుచ్చుకుని పప్పుగింజంత కాయ కాసింది. ఇప్పుడు కిటికీ దగ్గర కర్రకుర్చీలో కూర్చుని తెల్ల చొక్కా ఒకటి ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఇది నీకే. ఇటు తిరుగు, భుజాలు చూడనీ."

"కొత్త చొక్కా ఎందుకక్కా ఇప్పుడు? తెరలో మెడ కింద ఏదీ కనపడదు."

"దేవుడికి కూడా మెడ దాకే కనపడతావా? కాజాలు కాగానే గుండీలు వేసేస్తా. ప్రార్థన అయ్యాక వచ్చి పట్టుకెళ్లు."

దగ్గు తెర వచ్చింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని అది పోయేదాకా ఆగింది. డాక్టరు దగ్గరికి పోదామని అతను అన్నాడు. రేపు చూద్దాంలే అని ఆమె అంది. నెల రోజులుగా ఇద్దరూ అవే మాటలు అనుకుంటున్నారు.

"పేరేమన్నా అనుకున్నావా?" అని అడిగాడు.

"అనుకున్నా."

"ఏంటది?"

"నీకు చెప్తే ఇంకేమన్నా ఉందా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం అందరి ముందూ నేనే చెప్తా." దారం పంటితో కొరికింది. "ఇరవై ఆరేళ్లు చివరి వరసలో కూర్చున్నాన్రా. ఎప్పుడైనా నోరు విప్పానా? ఈ ఒక్కసారి ఒక్క మాట చెప్పాలని ఉంది. నువ్వు మాత్రం నా నోరు మూయకు."

"నీ దగ్గుకి పాట వినపడట్లేదంటున్నారక్కా."

"పైన హాల్లో దగ్గలేదా నేను? అప్పుడెవరూ వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదే!"

"సరే తల్లీ. నీ వంతు వచ్చేసరికి తెరుస్తా."

తెరవడం తన చేతిలో లేదన్న సంగతి అతను చెప్పలేదు. చెప్పాలంటే మైకు ఎర్రగుర్తు ఎక్కడుంటుందో, ఏ వేలితో నొక్కాలో అంతా నేర్పాలి. అన్నం వేళ దాటిపోతోంది.

సాయంత్రం ఆరింటికి తెర మీద ముప్పై నాలుగు గళ్లు నిండాయి. అక్క ఫోన్‌ను గుండీల డబ్బాకు ఆనించి పెడుతుంది. అందువల్ల ఆమె గడిలో ముక్కు కింది భాగమే పడుతుంది. పెదవులు, గడ్డం, రెండు చేతులు, చేతుల మధ్య తెల్లగుడ్డ. హాలు పోయాక సంఘంలో చేరినవాళ్లకు ఆమె కళ్లు ఎలా ఉంటాయో తెలియదు.

అయ్యగారు మొదటి ప్రార్థన అందుకున్నారు. రెండో మాటకే దగ్గు వచ్చింది, పెద్దగా, విడవకుండా. తలుపన్న వేలు దానంతటదే పోయి అక్క గడి మీద పడింది. దగ్గు వినపడటం ఆగింది.

తర్వాత పేర్లు వచ్చాయి.

"ఆకాశ సంఘం అంటే ఎలా ఉంటుంది?" అంది నర్సు చెల్లెమ్మ.

"విమానాల కంపెనీ లాగుంది," అన్నాడు వ్యాను డ్రైవరు. "పాతదే ఉంచండయ్యా. మూడో అంతస్తు అంటే పరలోకంలోనే ఉందనుకుంటారు."

"నువ్వు ముందు మొదటి అంతస్తు ఎక్కు బాబూ, తర్వాత చూద్దాం," అంది ఎవరింట్లోంచో ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు.

పక్కన కూర్చున్న భార్య తలుపన్న మోచేయి పొడిచింది. "వదిన ఏదో అంటోంది, చూడండి."

చూశాడు. అక్క పెదవులు కదిలాయి. ఆగి, సూది పట్టుకున్న చెయ్యి పైకెత్తి, మళ్లీ అదే మాట అన్నట్టు కదిలాయి. మైకు తెరవమని మీట నొక్కాడు. అవతల ఏదో వెలిగినట్టుంది, ఆమె తెర దగ్గరికి వంగి చూసి వెనక్కి జరిగింది. మళ్లీ నొక్కాడు. మధ్యలో మాట్లాడటం అతనికి అలవాటు లేదు. 'అయ్యగారూ, ఒక్క నిమిషం' అందామని తన మైకు గుర్తు మీద వేలు పెట్టి, తీసేశాడు.

"తర్వాత వెళ్లి అడుగుతాలే," అన్నాడు భార్యతో.

అయ్యగారు చివరకు తెరచిన ద్వారం అన్న పేరు చెప్పారు. ఆ సంఘంలో చేతులెత్తించే అలవాటు లేదు. ఒప్పుకోనివాళ్లు మైకు తెరిచి చెప్పాలి, మూసుకుని ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నట్టే. ఒక నిమిషం ఆగారు. ఎవరూ తెరవలేదు.

"దేవునికి స్తోత్రం. అందరూ ఏకమనస్సుతో ఒప్పుకున్నారు," అన్నారు అయ్యగారు.

అప్పటికి అక్క చేతులు తెల్లగుడ్డ మీద కదలకుండా ఉన్నాయి. అలిగిందనుకున్నాడు తలుపన్న.

చివరి పాట అయ్యాక చెప్పులేసుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆమె తిట్టబోయే తిట్లకు జవాబులు కూర్చుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క కుర్చీలోనే ఉంది. తల కిటికీ వైపు వాలి, కళ్లద్దాలు కొంచెం జారి ఉన్నాయి. అతను ముందు కళ్లద్దాలు సరిచేశాడు. తర్వాత సూది ఆమె వేళ్లలోంచి తీసి, దారం చుట్టి, పిన్నుల దిండుకు గుచ్చాడు. ఆ తర్వాతే పక్కవాటా వాళ్లను పిలిచాడు.

అక్కను మట్టి చేశాక వచ్చిన ఆదివారం సభ మొదట్లో అయ్యగారు కొత్త పేరు చదవబోయారు. తలుపన్న మొదటిసారిగా తన మైకు తెరిచాడు.

"అయ్యగారూ, ఆ పేరు చెల్లదండి."

"ఏం తమ్ముడూ?"

"అందరూ ఒప్పుకోలేదండి. మా అక్క ఇంకో పేరు చెప్పింది. ఆమె నోరు నేనే మూశాను."

"ఏ పేరో తెలుసా?"

"తెలీదండి."

పేరు పెట్టిన నాటి సభ రికార్డు అయ్యగారి దగ్గర ఉంది. మూసిన మైకులో అన్న మాట అందులోనూ లేదు. ఆ ముక్క తెప్పించుకుని తలుపన్న ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. ఆ మాటలో పెదవులు రెండుసార్లు కలుస్తాయి. రెండోసారి కలిశాక విడిపోవడానికి కొంచెం సేపు పడుతుంది. అద్దం ముందు నిలబడి తెలిసిన పేర్లన్నీ అని చూసుకున్నాడు. ఒక్కటీ కుదరలేదు.

"అయితే కొన్నాళ్లు ఆగుదాం. ఎవరికైనా అభ్యంతరమా?" అని తలుపన్న మైకు తెరిచిన ఆ రోజే అడిగారు అయ్యగారు.

ఎవరూ మైకు తెరవలేదు.

ఇది జరిగి అయిదు నెలలైంది. తలుపన్న ఇప్పుడు ఎవరి మైకూ మూయడం లేదు. పాటలో కుక్కర్లు కూస్తాయి, వాక్యంలో పిల్లలు కొట్టుకుంటారు, వ్యాను డ్రైవరు కునుకు తీస్తూ గురక పెడితే ముప్పై మూడు ఇళ్లకు వినపడుతుంది. ఒకసారి నర్సు చెల్లెమ్మ "అన్నా, కాస్త మూయరాదా" అని అడగబోయి, సగంలో ఆపేసుకుంది. తెర మీద పేరు ఉండాల్సిన చోట ఆదివారం, ఆరు గంటలు అని మాత్రం కనిపిస్తుంది. సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు.

తెల్ల చొక్కా అతని గదిలో మేకుకు తగిలించి ఉంది. కాలరు ఒక్కటే ఇస్త్రీ చేశాడు. ఆరు కాజాలూ కుట్టి ఉన్నాయి, గుండీలు ఇంకా కుట్టలేదు.