చుక్క పడేదాకా

మా పాళెం మైపాడుకు దక్షిణాన, సముద్రం అంచునే ఉంటుంది. అరవైలలో ఒక కార్తీకమాసాన సముద్రం పొంగి కరకట్టకు గండి కొట్టింది. పూడ్చడానికి వచ్చిన బుల్డోజర్ సరిగ్గా ఆ గండి ముందే మొరాయించింది. ఇంజన్‌కు గాలి తోసే టర్బో పాడైందట. మేమంతా కట్ట మీద నిలబడి, మబ్బునూ దాన్నీ మార్చి మార్చి చూస్తూ తిట్టుకున్నాం.

గండికి ఎదురుగా మొదటి ఇల్లు ముత్యాలయ్యది. పడవ చెక్కల సందుల్లో దూది, గుగ్గిలం కూరి నీరు చొరకుండా చేయడం అతని పని. ఊరికే నిలబడి చూసే మనిషి కాదు. నెల్లూరు మెకానిక్ దరియావలి టర్బోను బాగుచేసి తెస్తే, పిలవకుండానే పక్కన చేరాడు.

దరియావలి టర్బోను అమర్చి, అందులో చేత్తో కాస్త ఆయిల్ పోశాడు. దానికి ఆయిల్ తెచ్చే పై గొట్టాన్ని బిగించమని ముత్యాలయ్యకు చెప్పి, ఇంజన్ ఆయిల్ మార్చడానికి బండి కిందికి దూరాడు. తర్వాత స్టార్ట్ కాకుండా డీజిల్ ఆపేసి ఇంజన్ ఊరికే తిప్పించి, టర్బో కింది గొట్టం దగ్గర డబ్బా పట్టాడు. ఆయిల్ లోపలంతా తిరిగి అందులో పడాలి. ముందు పోసింది నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది. మళ్లీ తిప్పించాడు. ఏమీ రాలేదు.

అలలు కట్టను కోసేస్తున్నాయి. డ్రైవరు రంగనాయకులు విసిగిపోయి, స్టార్ట్ చేస్తే ఆయిల్ అదే వస్తుందన్నాడు. మేమూ వంత పాడాం. నాకైతే దరియావలిని రెక్క పట్టుకుని లాగేయాలన్నంత కోపం వచ్చింది.

"చుక్క పడందే స్టార్ట్ చేసేది లేదు. ఆయిల్ లేకుండా తిరిగితే టర్బో నిమిషంలో బిగుసుకుపోతాది. ఇంకోటి మదరాసు నుంచి రావాల," అంటూ అతను పై గొట్టం విప్పాడు.

గొట్టం మూతి నిండా గుగ్గిలం ముద్ద.

"పడవకి పెట్టినట్టే పెట్టినా. కారకూడదనే గదన్నా," అన్నాడు ముత్యాలయ్య. అయినా మేం నోటికొచ్చినట్టు తిట్టాం.

దరియావలి తిట్టలేదు. టర్బోను మళ్లీ దింపి, కిరసనాయిల్‌తో కడిగి, రంధ్రం ఊది, ఏమీ పూయకుండా ఉత్త గ్యాస్కెట్ పెట్టి తానే బిగించాడు. ఈసారి డబ్బాలో ఆయిల్ ధార కట్టింది. స్టార్ట్ చేశాక కూడా ఇంజన్‌ను కాసేపు నెమ్మదిగానే తిరగనిచ్చాడు. ఆ కాసేపు మాకు ప్రాణాలు నిలవలేదు.

అప్పటికి గండి రెండింతలైంది. ముత్యాలయ్య ఇంట్లోకి నీళ్లొచ్చేశాయి. అంత గండిని పూడ్చే వ్యవధి ఇక లేదు. వెనక్కి జరిగి కొత్త కట్ట వేస్తేనే పాళెం దక్కుతుంది. ఎక్కడ వేయాలో రంగనాయకులుకు తెలుసు. లివరు పట్టుకుని ముత్యాలయ్య ఇంటివైపే చూస్తూ కూర్చున్నాడు.

ముత్యాలయ్య తన భార్య గురవమ్మ నెత్తిన బియ్యం కుండ ఎత్తి బయటికి పంపాడు. మోకాటి లోతు నీళ్లలో ఇంటి వెనక్కి నడిచి, చేతులు రెండూ చాచి నిలబడ్డాడు.

"ఈడినించి తొయ్యన్నా. మా ఇల్లు కట్టకి అవతలే ఉండనీ."

బుల్డోజర్ కదిలింది. అప్పటిదాకా తిట్టిన మేం నీళ్లలోకి దిగి, గురవమ్మ నెత్తి మీది కుండ అందుకున్నాం.