బూందీ మోసిన కిలోమీటర్లు

నెల రోజులుగా నేను ఎంత పరిగెత్తినా నాకు అలసట రావడం లేదు. అది నేరుగా మా ఇంటికి వెళ్తోంది.

మాది విశాఖపట్నం, చినవాల్తేరులో మూడో అంతస్తు. నేను మారథాన్‌కి తయారవుతున్నాను. మంగళవారం పొద్దున పది కిలోమీటర్లు పరిగెత్తి, చెమటైనా పట్టకుండా తిరిగొస్తాను. మా ఆయన వాసుదేవ్ వంటగదిలో నేల మీద కూర్చుని పిక్కలు పిసుక్కుంటూ ఉంటారు. ఎనిమిదేళ్ల మా అమ్మాయి హిమజ ఒక కాలికే సాక్సు వేసుకుని, స్కూల్ యూనిఫాంలో కునుకుతూ ఉంటుంది. మా ముసలి కుక్క బూందీ గుమ్మానికి అడ్డంగా పడి ఉంటుంది.

"ఇవాళ ఎన్ని?" అంటారాయన.

"పది."

"నాకు మూడే వచ్చాయి. పాపకొకటి. మిగతా ఆరూ బూందీ తీసుకున్నట్టుంది."

నా కోసం ఎవరు ఎంతసేపు ఎదురుచూస్తే వాళ్లకి అంత చేరుతుందని హిమజ కనిపెడుతుంది. నేను బయల్దేరినప్పటి నుంచి బూందీ తలుపు మీంచి చూపు తిప్పదు.

అప్పటి నుంచి వాసుదేవ్ బాల్కనీలో కుర్చీ వేసుకుని, గట్టిగా ఎదురుచూడటం సాధన చేస్తారు. హిమజ కుక్క ముందు బంతి దొర్లిస్తుంది. బూందీ బంతిని చూడదు.

ముప్పై కిలోమీటర్లు పరిగెత్తిన ఆదివారం తర్వాత అది మెట్లు దిగడం మానేస్తుంది. పశువుల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింటాడు. "బాగానే పరిగెడుతోందండీ. కొంచెం రెస్టివ్వండి," అంటాడు.

"మానేయనా?" అని వాసుదేవ్‌ని అడుగుతాను.

ఆయన బూందీ నడుం నిమురుతారు.

"పెళ్లయిన పదకొండేళ్లలో నీకంటూ నువ్వు అడిగింది ఇదొక్కటే. మానేయమని నేననను. కానీ దాని నడుం ఇంక ఆగదు."

నేను మానను. బరువంతా తానే మోస్తానని ఆయన మాటిస్తారు.

పోటీ రోజున నా చుట్టూ అందరూ మూలుగుతూ పరిగెడుతున్నారు. నా కాళ్లు దూదిలా తేలిగ్గా ఉన్నాయి. సగం దారిలో, ఇరవై ఒకటో కిలోమీటరు దగ్గర, హిమజ ఫోన్ చేస్తుంది.

"అమ్మా, నాన్న కుర్చీలోనే నిద్రపోయారు. నాకూ కళ్లు మూసుకుపోతున్నాయి. బూందీ ఒక్కతే చూస్తోంది."

ఆగిపోతాను. అందరినీ దాటి వచ్చేశాను. ముందు, సముద్రం పక్కన, రోడ్డు ఖాళీగా, చల్లగా ఉంది. ఏడాదిగా నేను కోరుకున్నది అదే. కాసేపు దాన్ని చూసి వెనక్కి తిరుగుతాను.

నీళ్లిచ్చే చోట నిలబడ్డ పెద్దాయన కంగారుపడతాడు. "ఏటి మేడమ్, అటెళ్తన్నారు? ఫినిష్ ఇటు కదా!"

"మా ఇంట్లో నా బదులు ఒకళ్లు పరిగెడుతున్నారండీ."

"అలాగా. ఆళ్ల నంబరేటి?" అంటూ జేబులోంచి పెన్ను తీస్తాడు.

ఇంటి వైపు వేసే ప్రతి అడుగుతో అలసట నాలోకి తిరిగొస్తుంది. ముందు పాపది, కనురెప్పల మీదికి. తర్వాత ఆయనది, మోకాళ్లలోకి. బూందీది అన్నిటికన్నా చివర వస్తుంది. అది ఇంత బరువుంటుందని నాకు తెలీదు. మూడంతస్తుల మెట్లూ చేతులతో పాక్కుంటూ, ఏడుస్తూ ఎక్కుతాను.

బూందీ లేచి నిలబడుతుంది. ఒళ్లు విరుచుకుని, నా మోకాళ్ల మీది ఉప్పంతా నాకుతుంది. దాని మెడ పట్టుకుని అక్కడే కూలబడతాను.

వెనక తడి చప్పుడు. సముద్రం నా వెంటే మెట్లన్నీ ఎక్కి వచ్చి, మా వరండాలో చతికిలబడి రొప్పుతోంది.

"పాపం, ఇదెవరి కోసం ఎదురుచూసిందో," అంటుంది నిద్ర లేచిన హిమజ.

వాసుదేవ్ చెప్పుల స్టాండు జరిపి దానికి చోటిస్తారు. హిమజ గిన్నెలో మంచినీళ్లు తెచ్చి పెడుతుంది. సముద్రం తల వంచి, కళ్లు మూసుకుని తాగుతుంది. అవతల, ఆరిన ఇసుకలో, ఓడలన్నీ కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాయి.