పొడిగుడ్డల సంబరం

నేను ఒక చిన్న కరెంటు పెట్టెను. అరచేతిలో పట్టేంత ఒళ్లు, నాలుగు తీగలు, వాటి చివర క్లిప్పులు. ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చాక వాటికి నన్ను తగిలిస్తారు. నేను సన్నగా జుమ్మనిపిస్తాను. అంతే నా పని. దానికే మనుషులు నన్ను దేవుణ్ణి చేశారు, తరువాత నా ముఖం చూడటం మానేశారు. మధ్యలో నేను మారిందేమీ లేదు సుమా!

హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు దగ్గర పదేళ్లు మోకాళ్ల నొప్పులకు ఊడిగం చేశాను. ఆయన కొత్త మిషను కొనుక్కుని నన్ను తన శిష్యురాలు ప్రభావతికి ఇచ్చేశాడు. ఆమె నన్ను సంచిలో వేసుకుని జనగామ వైపు పల్లెలు తిరిగేది. అలా వీరస్వామి గౌడ్ ఇంటికి చేరాను.

వీరస్వామి తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసే మనిషి. అప్పటికి రెండేళ్ల కిందట, నడుముకు కట్టుకునే మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది. కాళ్లు పోయినందుకు ఆయన అంతగా ఏడవలేదు. మూత్రం తెలియకుండానే వచ్చేసేది, దానికి ఏడ్చాడు. భార్య కళమ్మ పాత చీరలు చించి గుడ్డలు పెట్టేది. రోజుకు పది ఉతికి దండెం మీద ఆరేసేది. వచ్చేపోయేవాళ్లంతా ఆ దండెం వైపే చూసేవారు. చూడకపోతే వాళ్లు మనుషులెలా అవుతారు?

"నాకు నడక వద్దు డాక్టరమ్మా. తాళ్లల్ల మావోళ్ల నడుమ ఒక్క పూట కూసోవాలె. కింద తడి గావద్దు. గంతే," అన్నాడు మొదటిరోజే.

ప్రభావతి ఆశలు పెట్టలేదు. కొందరికి కొంత గుణం కనిపిస్తుందనీ, కొందరికి అదీ ఉండదనీ చెప్పింది. నడుం కింద, చీలమండల దగ్గర సూదులు గుచ్చి నన్ను తగిలించింది. వారానికి మూడు రోజులు. నెల గడిచినా దండెం నిండుగానే ఉంది.

ఐదో వారంలో ఒకనాడు గుడ్డ పొద్దెక్కేదాకా తడవలేదు. కళమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని చూసి, "ఓయమ్మో, పొడిగున్నదయ్యా!" అని నవ్వుతూ వాకిట్లోకి పరుగెత్తింది. పడ్డ రోజు నుంచి ఆమె నవ్వడం ఆయన చూడనేలేదు. నేనైతే ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆనాడు వీరస్వామికి ఎల్లమ్మ ఒక్కపొద్దు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. సంబరంలో ఆ సంగతి కళమ్మ మరిచిపోయింది. ఆయన మరవలేదు.

ఆ తరువాత గుడ్డలు తగ్గుతూ వచ్చాయి. ఎన్నిసార్లు తడిసిందో ప్రభావతి రాసుకునేది. ఎన్ని నీళ్లు తాగావని అడగలేదు. ఆమె చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే, కళమ్మ పెట్టిన చెంబెడు నీళ్లను ఆయన కిటికీలోంచి పారబోసేవాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు నోరుంటే కదా!

ఒకరోజు తోటి గీతవాళ్లు ఆయన్ను మంచంతో సహా ఎత్తుకుని తాటివనానికి తీసుకెళ్లారు. పూటంతా కూర్చున్నాడు. ముంత అందిస్తే మందులు వాడుతున్నానని తోసేశాడు. పొడిగానే ఇల్లు చేరాడు. ఆ ముచ్చట కళమ్మ మాకు మూడుసార్లు చెప్పింది.

ఇరవై రోజులకు చలిజ్వరం వచ్చింది. నిలిచిన మూత్రంలో చీము పట్టి కిడ్నీలకెక్కిందన్నారు ఆస్పత్రిలో. నీళ్ల సంగతి అక్కడ బయటపడింది. "నవ్వినవ్ గదనే. మల్ల ఏడిపియ్యబుద్ధి గాలే," అన్నాడట భార్యతో. అప్పటికి కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి. దాహంతో దూప, దూప అని అల్లాడినా, నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయని గుక్కెడు గుక్కెడు కొలిచే ఇచ్చారు. తొమ్మిదో నాడు పోయాడు.

నెల మాసికం అయ్యాక కళమ్మ ప్రభావతి గదికి వచ్చింది. నేను బల్ల మీదే ఉన్నాను.

"నీళ్లు తాగినా గుడ్డ పొడిగుండేదా డాక్టరమ్మా? సూదులు పనిజేసినయా?"

ప్రభావతి గుడ్డల లెక్క రాసుకున్న పుస్తకం తెరిచి, మళ్లీ మూసేసింది.

"జెయ్యలేదని చెప్పు తల్లీ. జేసినయంటె, నా మొగడు ఉత్తపుణ్యానికి దూపతోని సచ్చినట్టే."

"చెయ్యలేదు కళమ్మా. ఒక్కనాడూ చెయ్యలేదు."

కళమ్మ చేతులు జోడించి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది. ప్రభావతి నా తీగలు చుట్టి సొరుగులో పెట్టి, అక్కడే నిలబడి ఏడ్చింది. పనిచేశానో లేదో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.