సీసాలో సీసం

నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఆమెను అందరూ సీసాలమ్మ అనేవారు. నది నీళ్లు నింపిన సీసాలు చేతిలో లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. ఆ ఉదయం యంత్రం చూపిన అంకెను ఆమె నమ్మలేకపోయింది. ఊరికి నీళ్లు తోడే చోట నదిలో సీసం ఉండదగ్గ దానికి ఆరింతలుంది. సీసా మార్చి, ఆమ్లం మార్చి మళ్లీ చూసింది. తేడా లేదు.

కబురు అందగానే ఇంజినీరు పంపులు ఆపించాడు. ట్యాంకుల్లో ఉన్న నీళ్లు మర్నాటి వరకే వస్తాయి.

"ఎగువన సీసంతో పనిచేసేది ఎవరు?" అని అడిగాడు.

ఆమె చేతిలోని సీసా బల్ల మీద పెట్టింది. "బ్యాటరీలు బాగుచేసే షాపొకటి ఉంది సార్. అది మా బావగారిది, మా ఆయనకి అన్నయ్య. నేనొక్కదాన్నే వెళ్తే రేపు ఎవరూ నమ్మరు. మీరూ రండి."

షాపు వెనక కాలువ నదిలో కలిసే చోట ఇద్దరూ వంగి నీళ్లు పడుతుంటే తోటికోడలు గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకెవరూ దొరకలేదా? ఇంటి మనిషివి నువ్వే రావాలా?"

"నేను రాకపోతే వేరేవాళ్లు వస్తారక్కా."

"వాళ్లొచ్చినా బాగుండేది. రేపు వాళ్ల పక్కన కూర్చుని అన్నం తినక్కర్లేదు."

బావగారు బయటికొచ్చి, మరకల చేతులు గుడ్డకు తుడుచుకుని, కాలువ మీది పలకను తనే ఎత్తి పట్టుకున్నాడు.

ప్రయోగశాలకు తిరిగొచ్చి ఒక్కో సీసా పరీక్షించింది. కాలువ నీళ్లలో సీసం ఉంది. కానీ ఆ సన్నటి ధార అంత నదిని పాడుచేసేంతది కాదు. పైగా షాపుకు ఎగువన పట్టిన నీళ్లలోనూ అవే ఆరింతలు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే ఫోను మోగింది. తోటికోడలు.

"మీరిద్దరూ నీళ్లు పట్టుకెళ్లడం చూసి షాపు ముందు జనం పోగయ్యారు. అద్దం పగలగొట్టారు. మాది కాదని నువ్వొచ్చి చెప్పు."

"మీది కాదక్కా. కానీ ఎవరిదో తేలేదాకా నా మాట వినరు, మీ మనిషిననే అంటారు. బావగారిని షట్టరు దించుకుని లోపలే ఉండమను. సార్ పోలీసులకు చెప్తున్నారు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

ఆమె, ఇంజినీరు ఈసారి షాపు దాటి ఇంకా ఎగువకు వెళ్లారు. నది వంపు దాటాక పాత ఇనుప వంతెన ఉంది. కొత్త రంగు వేయడానికి కూలీలు పరంజా కట్టుకుని, ఇనుప బ్రష్షులతో పాత రంగు గీకుతున్నారు. కింద కట్టిన టార్పాలిన్ పట్టా చిరిగి గాలికి కొట్టుకుంటోంది. స్తంభాల చుట్టూ నీటి మీద ఎర్రటి పెచ్చులు తేలుతున్నాయి. ఆమె ఒక పెచ్చును వేళ్లతో నలిపి చూసింది. ఇనుము తుప్పు పట్టకుండా పూర్వం వేసిన సీసపు రంగు అది.

"పని ఆపమంటే ఎలాగండీ?" అన్నాడు మేస్త్రీ. "మా ఆఫీసు నుంచి కాగితం రావాలి."

ఇంజినీరు నసిగాడు. "వంతెన మన శాఖది కాదు. వాళ్ల పైవాళ్లతో మాట్లాడాలి."

"వంతెన మనది కాకపోవచ్చు సార్. నీళ్లు మనవే."

అతను ఫోను మీద ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పైన బ్రష్షుల కరకర ఆగడం లేదు. ఆమె ఇక ఉండబట్టలేక మెట్లెక్కి పైకి వెళ్లింది. కొందరు కూలీలు పనికి కాస్త విరామమిచ్చి అన్నం పొట్లాలు విప్పుకుంటున్నారు. వాళ్ల చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఆ చేతులతో తినకండి. ఈ పొడిలో సీసం ఉంది. నది సంగతి తర్వాత, ముందు మీ కడుపుల్లోకి పోతోంది."

వాళ్లలో పెద్దవాడు ఆమె వంక తేరిపార చూశాడు. "ఈమధ్య మా అందరికీ కడుపులో మెలిపెడుతోందమ్మా. ఎండదెబ్బ అనుకున్నాం."

అతను పొట్లం మడిచి పక్కన పెట్టాడు. బ్రష్షు అక్కడే వదిలి పరంజా దిగడం మొదలుపెట్టాడు. ఒకరి వెనక ఒకరు అందరూ దిగారు. మేస్త్రీ కేకలేయబోయి, తన చేతుల వంక చూసుకుని ఊరుకున్నాడు.

వంతెనకు ఎగువన పట్టిన నీళ్లు శుభ్రంగా ఉన్నాయని సాయంత్రానికి తేలింది. పని ఆపమన్న కాగితం కూడా అప్పటికి వచ్చింది. నది తేరుకునేదాకా ఊరు ట్యాంకర్ల మీద బతికింది. కూలీలకు రక్తపరీక్షలు చేయించారు. ఇద్దరు చాలాకాలం ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చింది.

నివేదికలో ఆమె వంతెన సంగతితోపాటు షాపు కాలువ సంగతీ రాసింది. అది చదివి బావగారు, "అయితే నాదీ కొంత ఉందన్నమాట" అన్నాడు.

"ఉంది బావగారూ. నదిని చెడగొట్టేంత కాదు. కానీ ఉండకూడదు."

ఆయన కాలువ నోటికి సిమెంటు పెట్టేసి, మురుగు శుద్ధి చేయడానికి తొట్టి కట్టించాడు. అద్దం పగలగొట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ వచ్చి తప్పయిందనలేదు. తోటికోడలు సీసాలమ్మతో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాలంటే మరిది చేత చెప్పించేది.

ఒక మధ్యాహ్నం తోటికోడలి దగ్గర్నుంచే ఫోనొచ్చింది.

"మా కుళాయి నీళ్లు తాగొచ్చా?"

"తాగొచ్చక్కా."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను."

అవతల కుళాయి తిప్పిన చప్పుడైంది. "అయితే సరే" అని తోటికోడలు ఫోను పెట్టేసింది.