బండ వెనక వాల్వు

బాత్‌టబ్ కొళాయి కింద బకెట్ నిండింది. ఎస్తేరు దాన్ని ఎత్తి డ్రమ్ములో పోసి, ఖాళీ బకెట్ పెట్టి, వంటింట్లోకి పోయి కుక్కరు దించింది. నాలుగు నెలలుగా ఇదే వరస. మొదట్లో చుక్కలు పడేవి. ఇప్పుడు దారమంత ధార, గంటకో బకెట్. తెల్లారేసరికి మిద్దె మీది ట్యాంకు అడుగంటుతుంది. ఐదింటికి లేచి మోటరు వేసేది ఎస్తేరే. ట్యాంకు నిండేదాకా కాచుకుని, మోటరు ఆపి, ఇడ్లీ పెట్టి, ఏడూ నలభై బస్సుకు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోతుంది. అక్కడి హైస్కూల్లో ఆమె ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతోంది. ఈ నాలుగు నెలల్లో ఐదుసార్లు బస్సు తప్పింది. ఐదుసార్లూ హెడ్మాస్టరు రిజిస్టరు తనవైపు లాక్కుని గడియారం చూశాడు. ఇంట్లో నీళ్ల సమస్య అని చెబితే, "మా ఇంట్లోనూ ట్యాంకు ఉంది మేడం. నేను టైముకే వస్తాండా గదా" అన్నాడు. ఆయన ఇంట్లో మోటరు ఎవరు వేస్తారని ఆమె అడగలేదు.

ఆమె భర్త ఎజ్రాకు బైపాసు దగ్గర బండల డిపో ఉంది. బేతంచెర్ల నుంచి లారీల్లో వచ్చే పాలిష్ బండలు అమ్ముతాడు. ఇల్లు కట్టేటప్పుడు టబ్ కావాలన్నది అతనే. ఐదేళ్లలో ఒక్కసారి అందులో పడుకున్నాడు, నడుము పట్టేసింది. ఇప్పుడు దాంట్లో అతని తల్లి మణెమ్మ దుప్పట్లు నానబెడుతుంది. ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడల్లా ఎజ్రా వచ్చినవాళ్లను బాత్‌రూమ్‌లోకి తీసుకుపోయి టబ్ చుట్టూ వేసిన బండలు చూపిస్తాడు. అతుకు యాడుందో కనుక్కోండి చూద్దాం అంటాడు. ఎవరూ కనుక్కోలేరు. టబ్‌కు నీళ్లు ఆపే వాల్వు ఆ బండల వెనకే ఉంది. అక్కడ సందు వదిలితే అందం చెడుతుందని దాని మీదుగానే బండ వేయించాడు. మేస్త్రీ వద్దంటే, "నా బండలు, నా ఇల్లప్పా" అన్నాడు.

ప్లంబరు ఒకసారి వచ్చి చూశాడు. మిద్దె మీది వాల్వు ఉప్పునీళ్లకు బిగుసుకుపోయింది, తిరగదు, కింద ఒక బండ పగలగొట్టాలి అన్నాడు. "బండ పగిలితే రేపు డిపోలో నా మొహం ఎట్ల చూపీల?" అని ఎజ్రా అతన్ని పంపేశాడు. ఎస్తేరు ఇంకొకర్ని పిలుస్తానంటే, "నేను లేనప్పుడు ప్లంబర్లను ఇంట్లోకి రానీయద్దు" అన్నాడు. అతను ఇంట్లో ఉండేది ఆదివారం. ఆదివారం ప్లంబరు రాడు. జవాబు రాకుండా కట్టిన లెక్క అది.

ఆ వారమే ఆమెకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. కోయిలకుంట్ల దగ్గరి బడి. సమ్మతమో కాదో సోమవారానికల్లా రాసివ్వాలి. కాదంటే మళ్లీ ఎప్పుడో తెలీదు. ఆమెకు యాభై రెండేళ్లు. గురువారం అన్నాల దగ్గర చెప్పింది. ఎజ్రా మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు.

"ఇంట్లో కొళాయి కారతాంటే దిక్కులేదు, నువ్వు బడి ఏలతావా?" అని నవ్వాడు.

మర్నాడు డిపోలో టైపు చేయించిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'కుటుంబ బాధ్యతల కారణంగా ఈ పదోన్నతిని వదులుకుంటున్నాను.' కింద ఆమె పేరు, పేరు పైన సంతకానికి జాగా. "సంతకం పెట్టుండు. సోమవారం నేనే ఇచ్చొస్తా. నీకెందుకు శ్రమ" అన్నాడు.

శనివారం తెల్లవారుజామున ట్యాంకు నిండేదాకా మిద్దె మెట్ల మీద కూర్చుని ఆమె ఆ నవ్వు గురించి ఆలోచించింది. వాల్వు మీద బండ వేయించింది అతను. ప్లంబరును పంపింది అతను. ఇంకొకర్ని రానీయనిది అతను. అయినా కారినంతసేపూ ఆ కొళాయి ఆమె చేతగానితనమైంది. ఉద్యోగం వచ్చిన ఏడాది మామ అన్నాడు, జీతం తెస్తుంది గానీ చారు నీళ్లగా ఉంటుందని. ఉత్తమ ఉపాధ్యాయినిగా శాలువా కప్పిన రోజు ఎజ్రా అన్నాడు, ఇంట్లో ఎవరు కప్పుతారో చూద్దామని. అప్పుడు తనూ నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. కుటుంబ బాధ్యతలట. ఐదింటికి మోటరు వేయడం అందులోకి వస్తుందో రాదో టైపు చేసినవాడికి తెలుసా? మోటరు దగ్గర ఆమె ఆలోచన ఆగింది. ట్యాంకు ఖాళీ అయితే పైపులో నీళ్లుండవు. నీళ్లు లేని పైపుకు వాల్వుతో పనేముంది? మేస్త్రీ, ప్లంబరు, ఎజ్రా, ముగ్గురూ బండ గురించే మాట్లాడారు. ప్లంబరు వచ్చింది పదకొండింటికి, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు. అది ఎన్నింటికి అడుగంటుతుందో ఈ ఇంట్లో ఐదింటికి లేచే మనిషికే తెలుసు.

సాయంత్రం బస్సు దిగి సామాన్ల కొట్టుకు పోయింది. వాషర్లు కావాలంది.

"సార్‌ను పంపండి మేడం. సైజు మొగోళ్లకు తెలుస్తాది."

"సార్‌కు తెలీదు. అరంగుళానివి నాలుగు, ఒక పానా ఇయ్యండి."

"ఏందీ, మీరే బిగిస్తారా?"

"ముందు ఇప్పుతా. తర్వాత గదా బిగించేది."

ఆదివారం ఆమె మోటరు వేయలేదు. ఏడున్నరకు టబ్ కొళాయి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కొళాయి మరకు పట్టిన సున్నం మీద నిమ్మరసం పోసి కాసేపు ఆగింది. టబ్‌లో దిగి, ఎజ్రా బండలకు కాలు తన్నిపెట్టి పానా తిప్పింది. నాలుగోసారికి మర కదిలింది. లోపలి కడ్డీ బయటికి వచ్చింది. దాని కొసన వాషరు సగం అరిగిపోయి ఉంది. కొత్తది పెట్టి చూస్తే చిన్నదైంది. ఆదివారం కొట్లు తీయరు. అప్పుడే ఇంకో బాత్‌రూమ్‌లోంచి కేక వినపడింది.

"ఎస్తేరూ! బకెట్లో నీళ్లు అయిపోయినాయి, కొళాయి రాలే! తలంతా షాంపూ ఉంది!"

"నేనే నిలిపినా. కూచోండి."

"చర్చికి టైమైతాంది!"

"దేవుడు యాడికీ పోడు, కూచోరా" అంది మణెమ్మ, టబ్ దగ్గరికి వస్తూ. కడ్డీని చేతిలోకి తీసుకుని చూసింది. వెళ్లి తెగిపోయిన తోలు చెప్పు, కత్తెర తెచ్చింది. అరిగిన వాషరు అంచు వెంబడి, రవ్వంత పెద్దగా కోసింది. "తోలు నానేకొద్దీ ఉబ్బి పట్టుకుంటాది. ఈ పూటకు ఇది చాలు."

"మీకెట్ల తెలుసు అత్తమ్మా?"

"శిరివెళ్లలో మా ఈధి బోరింగు చెడిపోతే తోలు వాషరు నేనే గదా ఏసేది."

"బోరింగు అబ్రహాము అని మామకు గదా పేరు?"

"ఆయప్ప పానా పట్టుకొని నిలబడేది. లోపల చెయ్యి పెట్టేది నేను."

"మీరు ఎవరికీ చెప్పలేదా?"

"ఒకసారి చెప్పినా. నవ్వినారు. మళ్ల చెప్పలా."

ఎస్తేరు కొళాయి బిగించి, పోయి మోటరు వేసింది. నీళ్లు ఎక్కాయి. ఇద్దరూ టబ్ అంచున కూర్చుని కాసేపు చూశారు. చుక్క పడలేదు.

ఎజ్రా తల తుడుచుకుంటూ వచ్చి, కొళాయి తిప్పి, కట్టేసి చూశాడు. ఫోను మోగింది. చర్చి పెద్ద ఎలీషా.

"వస్తాండామన్నా. ఇంట్లో కొళాయి రిపేరు. ఆఁ, మనమే చేసుకున్న్యాం, ప్లంబరు ఎందుకు? బోరింగు అబ్రహాము కొడుకును గదా."

మణెమ్మ చెప్పు ముక్కలు ఏరుతోంది. చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఏరసాగింది. ఎస్తేరు ఆ చేతిని చూసింది. నలభై ఏళ్ల కిందట శిరివెళ్లలో జరిగింది ఇదే. ఎవరూ దౌర్జన్యం చేసి ఉండరు. ఒకరు ఇట్లాగే మాట్లాడి ఉంటారు, ఒకరు ఇట్లాగే ఏరుతూ ఉండిపోయి ఉంటారు.

ఎస్తేరు ఫోను దగ్గరికి నడిచింది. "ఎలీషన్నా, ఇప్పి బిగించింది నేను. వాషరు కోసింది అత్తమ్మ. మామ కాలంలో బోరింగుకు ఏసింది కూడా అత్తమ్మే. మీ తమ్ముడు షాంపూతో కూచోనుండె."

అవతల నవ్వు వినపడింది. ఎజ్రా ఫోను పెట్టేశాడు.

"బయటోళ్ల ముందర అట్ల అంటావా?"

"బయటోళ్ల ముందరే గదా మీరూ అన్నది."

ఆమె చేతులు కడుక్కుంది. బల్ల మీది టైపు కాగితం పక్కకు జరిపి, తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఎజ్రా వెనక నిలబడి చదివాడు.

"ఇది నేను తెచ్చింది కాదే."

"కాదు."

"కోయిలకుంట్ల అంటే ఇంటికొచ్చేసరికి ఏడైతాది. అన్నం ఎవరు..." అని తల్లివైపు చూశాడు. మణెమ్మ లేచి చర్చికి చీర మార్చుకోవడానికి వెళ్లిపోయింది.

సోమవారం పదిన్నరకు ఎస్తేరు విద్యాశాఖ ఆఫీసులో ఆ కాగితం ఇచ్చింది. గుమాస్తా కళ్లద్దాలు పైకి జరిపి చదివాడు.

"సార్‌ను అడిగినారా మేడం? ఇచ్చినాంక ఎనక్కి తీసుకోను కుదరదు."

"చెప్పినా" అంది ఎస్తేరు. "ముద్ర ఏయండి."