నిప్పు ఇవ్వకూడని రోజుకు ముందు

లారీ వెనక చక్రానికి గాలి కొట్టించాలి. ప్యాకీ హాన్లీ ఇంట్లో ఆరు బొగ్గు బస్తాలు దించాలి. చర్చి ఫాదర్ గారికి రెండు. బడి పక్కనుండే అక్కచెల్లెళ్ళకు బొగ్గు పడదు, చిత్తడినేల మట్టి కోసి ఎండబెట్టిన పీటు ఇటుకలు వెయ్యాలి. భార్య ఊనా మోకాళ్ళకు రాసుకునే మందు తేవాలి. అన్నిటికన్నా చివర, పొద్దు దిగేలోపు, బ్రీజ్ కెవినీ ఇంట్లో పొయ్యి బూడిద ఎత్తాలి.

ఏప్రిల్ ముప్పైన మాలకీ టార్పీ ఈ పనులన్నీ ఒక పాత కవరు వెనక పెన్సిలుతో రాసుకుని టోపీలో పెట్టుకున్నాడు. టీ రెండు గుక్కల్లో తాగేసి బయటపడ్డాడు. డబ్లిన్‌కి పడమటనున్న రాస్‌కామన్ జిల్లాలో ఏప్రిల్ ముప్పై అంటే ఎండ కాస్తుంది కానీ ఇంట్లోకి రాదు. నాలుగు అడుగుల మందం రాతిగోడలు జూన్ దాకా చలికాలాన్ని దాచుకుంటాయి.

రేపు మే ఒకటి. ఇళ్ళు వెచ్చబెట్టుకునే ఇంధనం మీద కర్బన పన్ను ఏటా ఆ తేదీకే ఒక మెట్టు పెరుగుతుంది. బొగ్గు బస్తాకి తొంభై సెంట్ల దాకా. ఒక్కసారికైతే అదేం పెద్ద మొత్తం కాదు. కానీ ఏడాది మీద ఏడాది పెరుగుతుంటే, పింఛను మీద బతికే ముసలివాళ్ళ ఇళ్ళల్లో అది పొయ్యి గంట ఆలస్యంగా వెలగడంగా, రెండో స్వెటరుగా, వేడినీళ్ళ సీసా పట్టుకుని ఏడింటికే పక్క ఎక్కడంగా తేలుతుంది. అందుకే ఈ ఒక్కరోజు అందరికీ మాలకీ కావాలి.

అతనికి అరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి. నలభై ఒక్క ఏళ్ళు బస్తాలు మోయడం వల్ల నడుస్తుంటే ఎప్పుడూ ఒక పక్కనుంచే గాలి వీస్తున్నట్టు ఒరిగి నడుస్తాడు. మెడ ముడతల్లో సన్నటి నల్లగీతలుంటాయి. పెళ్ళినాడు ఊనా తమ్ముళ్ళు బట్టలు ఉతికే బ్రష్షుతో రుద్దినా అవి పోలేదు. పెళ్ళిఫోటోలో ఇప్పటికీ ఉన్నాయి.

ప్యాకీ హాన్లీ తలుపు దగ్గరే నిలబడి బస్తాలు లెక్కపెట్టాడు. ఎనభై నాలుగేళ్ళ ప్యాకీ ఒకప్పుడు పోస్టుమాన్.

"ఏరా మాలకీ, ఈ ఆరూ కాల్చేలోపు నేను పోతే మిగిలినవి వెనక్కి తీసుకుంటావా?"

"తీసుకోను. నీతోపాటే పంపిస్తా."

"అక్కడికెందుకురా?"

"నిజమే. నువ్వు వెళ్ళే చోట బొగ్గు ఊరికే ఇస్తారటగా."

ప్యాకీ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత మొహం చిట్లించి, "డబ్లిన్‌లో కూర్చుని పన్నులేసేవాళ్ళకి చలెయ్యదంటావా?" అన్నాడు.

"వేస్తుంది. కాకపోతే వాళ్ళ గోడలకి లోపల దూది ఉంటుంది."

ఆ మాటలో కోపం లేదు. మొదట్లో మాలకీకి అరవై మూడు ఇళ్ళుండేవి, ఇప్పుడు పదకొండు. తగ్గినవాళ్ళలో చనిపోయినవాళ్ళు సగం. మిగతా సగం గోడలకు చలి ఆపే దూది కూరించుకుని, కిటికీలకు రెండు అద్దాలు వేయించుకుని, పొగగొట్టం మూయించుకున్నారు. ఆ పన్ను డబ్బులోంచే కొంత తీసి పేదవాళ్ళ ఇళ్ళకు సర్కారు ఊరికే ఈ పని చేయిస్తోంది. ఆ ఇళ్ళ ముందు వెళ్తూ మాలకీ హారన్ కొడితే, లోపలివాళ్ళు స్వెటర్లు లేకుండా ఉత్త చొక్కాలతో కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపుతారు. బేరం పోయిందని అతనికి అనిపించదు. మోయాల్సిన మెట్లు తగ్గాయి, అంతే.

మూడున్నరకు బ్రీజ్ కెవినీ ఇంటికి చేరాడు.

బ్రీజ్‌కి ఎనభై రెండు. పోయిన జనవరిలో బొగ్గు పొదుపు చెయ్యబోయి ఊపిరితిత్తుల్లో నిమ్ము పట్టి పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంకో చలికాలం ఆ ఇంట్లో అలాగే గడిపితే తిరిగి రాదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. రెండేళ్ళు ఎదురుచూశాక ఆమె ఇంటికీ సర్కారు పని వంతు వచ్చింది. రెండో తేదీన మనుషులొస్తారు. ఇవాళ ఐదు లోపల ఆమె ఫోన్ చేసి సరేననాలి. అనకపోతే పేరు మళ్ళీ వరస చివరికి పోతుంది. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసింది. మూడోసారి ఉండదని ఉత్తరంలో రాశారు.

అడ్డం ఒక్కటే. పొగగొట్టం మూయాలంటే పొయ్యి ఆరిపోవాలి. ఆ పొయ్యి ఆమె కాపరానికొచ్చిన దగ్గర్నుంచి ఆరలేదు. అంతకుముందు ఆమె అత్తగారి కాలంలోనూ ఆరలేదు. రోజూ రాత్రి కణకణలాడే పీటు ముక్కల్ని బూడిదలో కప్పెట్టడం, తెల్లారి విప్పి ఊదడం. ఆసుపత్రిలో ఉన్న పంతొమ్మిది రాత్రులూ మాలకీయే వచ్చి కప్పి వెళ్ళాడు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని పారతో బూడిద ఎత్తుతున్నాడు. రేపు మే మొదటి రోజు. ఆ రోజు నిప్పు గానీ బూడిద గానీ గడప దాటితే ఇంటి అదృష్టం వెంట పోతుందంటారు. అందుకే ఏటా ఈ పని ముందురోజే.

"ఫోన్ చేశారా మిస్సస్?"

"లేదు."

"నాలుగవుతోంది."

"గడియారం నాకూ ఉంది. ఫ్రిజ్ లాంటి డబ్బా బయట పెడతారట, ఇల్లు వేడెక్కుతుందట. ఫ్రిజ్ ఎక్కడైనా వేడి చేస్తుందా?"

"ప్యాకీ వాళ్ళ మరదలింట్లో చేస్తోంది. ఆవిడ డిసెంబర్లో చెప్పుల్లేకుండా తిరుగుతోంది."

"దానికి మొదట్నుంచీ సిగ్గు లేదు." బ్రీజ్ శాలువా బిగించుకుంది. "బొగ్గు అమ్ముకునేవాడివి. నన్ను బొగ్గు మానెయ్యమంటావేం?"

"మీరు పోతే మాత్రం ఎవరికి అమ్ముతాను?"

ఆమె నవ్వలేదు. పొయ్యి పక్కనున్న పట్టకారు అందుకుంది.

"పెళ్ళయి వచ్చిన రోజు మా అత్తగారు పట్టకారు నా చేతికిచ్చింది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఇది ఆరితే నా చేతుల్లో ఆరకూడదు మాలకీ. నేను పోయాక ఏమన్నా చేసుకోనీ."

మాలకీ పార ఆపాడు. బకెట్లో బూడిద మధ్య ఒక నిప్పుకణిక ఎర్రగా కళ్ళు విప్పింది. ఏటా అలాంటివి ఏరి తిరిగి పొయ్యిలో వేస్తాడు. ఇప్పుడు వెయ్యలేదు.

"ఆర్పొద్దు. నాకివ్వండి."

"ఏంటి?"

"నిప్పు. మా ఇంటికి తీసుకెళ్తా. మా పొయ్యిలో ఉంటుంది."

"నిప్పు ఇవ్వకూడదురా!"

"రేపు ఇవ్వకూడదు. ఇవాళ ఏప్రిల్ ముప్పై. పొద్దు ఇంకా ఉంది."

బ్రీజ్ కిటికీలోంచి ఆకాశం చూసింది. గడియారం చూసింది. అతని నల్లటి చేతుల్ని చూసింది.

"మీ ఇంట్లో రాత్రిళ్ళు ఎవరు కప్పుతారు?"

"ఊనా."

"దానికి నిప్పు కప్పడం వచ్చా?"

"ముప్పై ఎనిమిదేళ్ళుగా నా నోరు మూయిస్తోంది మిస్సస్. నిప్పు ఒక లెక్కా?"

ఈసారి ఆమె నవ్వింది. నవ్వుతూనే లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళింది. అవతల ఎవరో అమ్మాయి పలికితే చెవిటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు గట్టిగా, "కెవినీ. రండి. రెండో తేదీనే" అని పెట్టేసింది.

కణికలు మాత్రం తనే ఎత్తింది. వంగలేక వంగి, పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి, అడుగున బూడిద పరిచిన బకెట్లో పేర్చి, పైన మళ్ళీ బూడిద చల్లింది. ఊయలలో పిల్లకు దుప్పటి సర్దినట్టు వేళ్ళతో అంచులు సర్దింది. మాలకీ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మూడు మైళ్ళు లారీ అద్దాలు రెండూ దించి నడిపాడు. పక్కసీటు కింద బకెట్ పొగలు కక్కుతోంది, అతని కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఎదురొచ్చిన ట్రాక్టరతను లారీకి నిప్పంటుకుందేమోనని అరిచాడు. మాలకీ చెయ్యి ఊపి ముందుకు పోయాడు. జీవితంలో ఎప్పుడూ ఇంత జాగ్రత్తగా మలుపు తిప్పలేదు.

ఊనా గుమ్మంలోనే ఆపింది.

"నలభై ఏళ్ళు ఆవిడ బూడిద మోశావు. ఇప్పుడు నిప్పు కూడా ఇంటికి తెచ్చావటయ్యా? నా మందేది?"

మందు మర్చిపోయాడు. ఆ సాయంత్రం రెండు తిట్లు, బంగాళాదుంపలు, క్యాబేజీ, పంది మాంసం తిని, కొత్త నిప్పు ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మొదటిరాత్రి ఊనాయే కప్పింది. ఎలా కప్పాలో అతను చెప్పబోతే పార చూపించింది.

రెండో తేదీన బ్రీజ్ ఇంటికి మనుషులు వచ్చారు. వేసవి అయ్యేసరికి గోడలు తెల్లగా మారాయి, పొగగొట్టం మూసుకుంది. ప్రతి ఆదివారం ఆమె ఊనాకి ఫోన్ చేసి, పెంపుడు ఇచ్చిన బిడ్డ గురించి అడిగినట్టు, "ఎలా ఉంది?" అని అడిగేది. "తింటోంది, పడుకుంటోంది" అనేది ఊనా.

నవంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, బూట్లు విప్పుకుంటూ ఒక బూటు విప్పాక, మాలకీ కుర్చీలోనే వెళ్ళిపోయాడు. బాధపడ్డట్టు లేదు. టోపీలోని కవరు మీద పనులన్నీ కొట్టేసి ఉన్నాయి. శవం దగ్గర అందరూ మేలుకుని కూర్చునే ఆ రెండు రాత్రులూ ఇంటినిండా జనం, టీ, ప్యాకీ హాస్యాలు. బ్రీజ్ వచ్చి చాలాసేపు కూర్చుంది. వెళ్ళేముందు పొయ్యి వైపు చూస్తే, ఊనా ఆమె చెయ్యి నొక్కి, "నాకు కప్పడం వచ్చుగా" అంది.

ఆ చలికాలం బ్రీజ్ ఒక్కరోజు కూడా దగ్గలేదు.

ఆ ఊరి దారిన మీరెప్పుడైనా వెళితే, తన బేరం తనే మాన్పించి ఒక ముసలావిడను బతికించిన మాలకీ టార్పీ అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి. బ్రీజ్ ఇల్లు గుర్తుపట్టడం తేలికే. సున్నం వేసేవాళ్ళు గేటు స్తంభాలకు కూడా తెలుపు వేస్తామంటే బ్రీజ్ ఒకదాని ముందు అడ్డంగా నిలబడిందట. ఆ రాతి మీద, పొట్టిమనిషి భుజమంత ఎత్తున, నలభై ఒక్క ఏళ్ళు బస్తాలు ఒరుసుకున్న చోట, అరచేయంత నల్లటి నునుపు ఇంకా ఉంది.